పాత ల్యాండ్ క్రూయిజర్, కొత్త ఎస్‌ఎల్ 63: నడిపి చూసిన అనుభవం

1998 నుంచి 2007 వరకు తయారైన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 100ను, 2021లో వెలువడిన మెర్సిడెస్ ఎస్‌ఎల్ 63 కన్వర్టిబుల్‌తో (పైకప్పు తీయగలిగే కారుతో) పోల్చడం మొదట అసంగతంగా తోచవచ్చు. అయితే ఈ రెండు బండ్లకూ ఉన్న గట్టిదనం పైకప్పు నుంచి కాక అడుగు నుంచే వస్తుందని, రెండింటినీ నడిపిన తరువాతే నాకు బోధపడింది. ల్యాండ్ క్రూయిజర్ బాడీ నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసిస్ (అడుగు చట్రం) మీద కూర్చుంటుంది కనుక, గుంతల బాటలో ఒక చక్రం పైకి, మరొకటి కిందికి పోయినప్పుడు పుట్టే మెలిని ప్రధానంగా ఆ ఛాసిస్సే భరిస్తుంది. ఎస్‌ఎల్‌కు స్థిరమైన పైకప్పే లేదు. అల్యూమినియం ప్రధానంగా, ఉక్కు, మెగ్నీషియం, ఫైబర్ కలిపి కట్టిన దాని అడుగుభాగం ఎంత బిగువుగా ఉందంటే, గతుకు మీదుగా పోయినా ముందు అద్దం చట్రం వణకదు.

ఎస్‌ఎల్‌లోని 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ 585 హార్స్‌పవర్ ఇస్తుంది. 100 కిలోమీటర్ల వేగం 3.6 సెకన్లలో అందుతుంది. ల్యాండ్ క్రూయిజర్‌లోని 4.7 లీటర్ల పెట్రోల్ వీ8కు ఆ దూకుడు లేదు, మలుపుల్లో బండి బాగా ఒరుగుతుంది. అయినా వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే లో రేంజ్ గేరు వేసి, బురదలో నడక వేగంతో, తొందరపడకుండా అది పైకి పాకుతుంటే కలిగే ధీమాను నేను మరే బండిలోనూ పొందలేదు.

ఎస్‌ఎల్ గుడ్డ పైకప్పు సుమారు 15 సెకన్లలో, గంటకు 60 కిలోమీటర్ల లోపు వేగంలో నడుస్తూనే తెరుచుకుంటుంది. సాయంకాలం ఆ కప్పు తీసి, మెడ వెనుక వెచ్చని గాలి వీస్తుండగా సాగే ప్రయాణం నిజంగా అపురూపం. కప్పు తెరిస్తే డిక్కీ 213 లీటర్లకు తగ్గిపోతుంది, వెనుక సీట్లు పిల్లలకు తప్ప సరిపోవు. ఏడెనిమిది మందినీ సామాన్లనూ మోసే పాత బండి ముందు ఈ విషయంలో అది నిలవదు. ఏసీని సైతం తెర మీద వేలితో తాకి మార్చుకోవలసి రావడం నాకు నచ్చలేదు. పాత బండి మీటలను రోడ్డు మీద నుంచి చూపు మరల్చకుండానే తిప్పవచ్చు.

ఒకే బండితో సరిపెట్టుకోవాలంటే నేను ల్యాండ్ క్రూయిజర్‌నే ఎంచుకుంటాను. కొనేవారు ముందుగా దాని కిందికి దూరి ఛాసిస్ వెనుక భాగంలో తుప్పు ఉందేమో చూడాలి, ఇంజిన్‌లోని వాల్వులను సరైన సమయానికి కదిలించే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడిగి రసీదు చూడాలి. ఎస్‌ఎల్ కొనేవారు కప్పును నాలుగైదు సార్లు తెరిచి మూయించి, అది ఎక్కడా ఆగకుండా, శబ్దం చేయకుండా కదులుతోందో లేదో గమనించాలి.