వేడి సైడర్ పార్టీలకి స్లో కుకర్: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, పప్పు ఎలా ఉడుకుతుంది, మటన్ ఎంత మెత్తబడుతుంది అని చూసేవాళ్ళకి ఈ సమీక్ష పనికిరాదు. వాటికి ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది, అది చాలు. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఇంటికి జనం వస్తూనే ఉండే రోజుల్లో, దీపావళి పాట్‌లక్ అయినా థ్యాంక్స్‌గివింగ్ అయినా, వేడి సైడర్‌తో, అంటే మసాలాలు వేసి కాచిన ఆపిల్ రసంతో, వేడి కాక్‌టెయిల్స్ పెట్టడానికి మాత్రం స్లో కుకర్‌ని (గంటలకొద్దీ నెమ్మదిగా వేడి చేసే కరెంటు కుండ) మించింది నాకు దొరకలేదు. మాది న్యూజెర్సీ. నా దగ్గరున్నది ఆరు క్వార్ట్‌లది, అంటే దాదాపు 5.7 లీటర్లు పడుతుంది. టైమర్ లేదు, తెర లేదు, తిప్పే నాబ్ ఒక్కటే: లో, హై, వార్మ్. అయిదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో తర్వాత చెప్తాను.

దీనికి ముందు మా ఇంట్లో షేకర్ రాజ్యం నడిచేది. మా ఆయన ఐస్ గలగలలాడిస్తూ ఒక్కొక్కరికీ ఒక్కో డ్రింక్ కలిపేవారు, చూడ్డానికి బాగానే ఉండేది, కానీ ఇరవై మంది వచ్చారంటే పార్టీ అయ్యేదాకా ఆయన కిచెన్ ఐలాండ్ దాటి వచ్చేవారు కాదు. పైగా బయట చలికి వణుకుతూ వచ్చినవాళ్ళ చేతిలో ఐస్ గ్లాసు ఎందుకు? ఇప్పుడు మధ్యాహ్నమే కుండ ఆన్ చేసి వదిలేస్తే తలుపు తీసేసరికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన, ఎవరికి కావలసింది వాళ్ళే పోసుకుంటారు, మేం కూడా మనుషుల్లా కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం.

నా పద్ధతిలో గట్టి నియమం ఒక్కటే ఉంది: కుండలో చుక్క మందు కూడా పోయను. ఇక్కడి రెసిపీల్లో చాలావాటిలో బోర్బన్ (అమెరికన్ విస్కీ) సీసా నేరుగా కుండలో కుమ్మరించమని రాస్తారు, నాకది అస్సలు నచ్చదు. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, స్లో కుకర్ లోలో పెట్టినా హైలో పెట్టినా చివరికి చేరేది ఇంచుమించు మరిగే వేడికే, తేడా అంతా ఎంతసేపట్లో అన్నదానిలోనే. దాంతో గంటలు గడిచేకొద్దీ ఘాటు ఆవిరిగా ముక్కుకి కొడుతుంది, కప్పులో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. పోనీ మరిగితే అంతా పోతుందిలే అనుకుంటారు కొందరు, అదీ నిజం కాదు. కొంత పోతుంది, చాలానే ఉండిపోతుంది.

అసలు కారణం వేరే ఉందిలెండి. మన ఇళ్ళలో పార్టీ అంటే అందరూ తాగేవాళ్ళే ఉండరు కదా. పిల్లలుంటారు, తిరిగి కారు నడపాల్సినవాళ్ళుంటారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటారు. దీనికి తోడు కార్తీక మాసం. 2023లోనూ 2024లోనూ థ్యాంక్స్‌గివింగ్ సరిగ్గా కార్తీకంలోనే పడింది, మామూలుగా రెండు పెగ్గులు వేసే బావగారు కూడా ఆ నెల్లాళ్ళూ ముట్టరు. అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళది కూడా ఇదే సీజన్. వాళ్ళందరికీ విడిగా కోకు సీసా చూపించడం కన్నా, అందరూ ఒకే కుండలోంచి పోసుకుని, కావలసినవాళ్ళు మాత్రం పక్క టేబుల్ మీదున్న సీసాలోంచి కలుపుకోవడం ఎంతో మర్యాదగా ఉంటుంది. మా అత్తగారు మొదటిసారి కుండలోకి తొంగి చూసి, "ఆ మందేదీ కలపలేదు కదమ్మా?" అని అడిగారు. "లేదత్తయ్యా, ఆపిల్ రసం, లవంగాలు, చెక్క, అల్లం, అంతే" అన్నాను. "అయితే కషాయమేగా!" అని కప్పు అందుకున్నారు, కాసేపటికి ఆవిడే వెళ్ళి రెండోది పోసుకున్నారు.

ఇక సరుకు సంగతి. ఇక్కడ ఫాల్‌లో, అంటే ఆకురాలు కాలంలో, సైడర్ అని అమ్మేది వడకట్టని ఆపిల్ రసం, అందులో మత్తు ఉండదు, హార్డ్ సైడర్ అని రాసుంటేనే ఉంటుంది. అట్టపెట్టెలో వచ్చే తేటనీళ్ళలాంటి ఆపిల్ జ్యూస్ దీనికి పనికిరాదు, వేడి చేస్తే ఉత్త తీపి తప్ప ఏమీ మిగలదు. మేం కోల్ట్స్ నెక్ అనే ఊళ్ళోని డెలీషియస్ ఆర్చర్డ్స్ దుకాణం నుంచి గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) డబ్బాలు తెచ్చుకుంటాం. ఆ ఊళ్ళోనే లెయర్డ్స్ వాళ్ళ కంపెనీ ఉంది, 1780 నుంచీ ఆపిల్ బ్రాందీ వ్యాపారంలో ఉన్నవాళ్ళు. బోర్బన్ అందరూ పోస్తారు, తప్పేం లేదు, ఆ ఓక్ పీపా వాసన సైడర్‌తో బాగానే కలుస్తుంది. కానీ ఆపిల్ రసంలోకి ఆపిల్ బ్రాందీ పోసి చూడండి, పండు రుచి రెండింతలవుతుంది. వాళ్ళదే ఆపిల్‌జాక్ అని మామూలుగా దొరికేదాంట్లో ఎక్కువ భాగం ధాన్యపు స్పిరిటే కాబట్టి పలచగా ఉంటుంది. 100 ప్రూఫ్ అని ఉండే స్ట్రెయిట్ ఆపిల్ బ్రాందీ అసలు సిసలైనది, అయితే అందులో ఆల్కహాల్ 50 శాతం, చెయ్యి చూసుకుని పోసుకోవాలి.

గ్యాలన్ రసానికి నేను వేసేది: ఆరు దాల్చినచెక్కలు, ఎనిమిది లవంగాలు, మూడు అనాసపువ్వులు, పది మిరియాలు, వేలెడంత అల్లం చక్రాలుగా కోసి, ఒక నారింజ పండు పైతొక్క. పొడులు వద్దు, ముఖ్యంగా దాల్చిన పొడి వేస్తే అడుగున జిగురుగా పేరుకుని చివరి కప్పులు గొంతు దిగవు. లవంగాలని మాత్రం విడిగా చిన్న గుడ్డలో మూట కట్టి, దారం కొస కుండ చెవికి ముడేస్తాను. వేడెక్కాక గంటకి ఆ మూట లాగేయాలి, లేకపోతే ఎనిమిదయ్యేసరికి తాగినవాళ్ళ నాలుకలు మొద్దుబారిపోతాయి. నారింజ చక్రాలు తేలుతూ ఉంటే ఫొటోకి అందమే, కానీ తొక్క కిందుండే తెల్లభాగం గంటలకొద్దీ నాని చేదెక్కిస్తుంది. అందంగా కావాలంటే జనం వచ్చే ముందు నాలుగు చక్రాలు వేసుకోండి. పంచదార అసలు వద్దు.

సమయం దగ్గర చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఇది 250 వాట్ల చుట్టుపక్కల తీసుకునే వస్తువు, ఫ్రిజ్‌లోంచి తీసిన గ్యాలన్ రసం హైలో పెట్టినా పొగలు రావడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. తొందరుంటే స్టవ్ మీద గిన్నెలో వేడి చేసి పోసుకోవచ్చు, అప్పుడు పింగాణీ కుండని కూడా ముందు గోరువెచ్చటి నీళ్ళతో తడిపి పెట్టుకోవాలి. వేడి కుండలో చల్లటి రసం పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పింగాణీ టప్పున చీలుతుంది. అందుకే రెండో గ్యాలన్ వాడేవాళ్ళు ఆ రసాన్ని స్టవ్ మీద సగం వేడి చేశాకే కుండలో పోయాలి.

జనం వచ్చాక వార్మ్‌లోకి తిప్పేస్తాను, 70 డిగ్రీల చుట్టూ నిలుస్తుంది. 150 ఎం.ఎల్. వేడి సైడర్‌లో గది వేడిలో ఉన్న ఔన్సున్నర, అంటే 44 ఎం.ఎల్. మందు పోస్తే కప్పు 60 డిగ్రీలకి దిగుతుంది, ఊదుకుంటూ తాగడానికి సరిగ్గా సరిపోతుంది. 40 శాతం బోర్బన్ అయితే కప్పులో 9 శాతం తేలుతుంది, వైన్ కంటే కాస్త తక్కువ. ఒక 750 ఎం.ఎల్. సీసాకి ఇలాంటివి పదిహేడు కప్పులు వస్తాయి, ఎన్ని సీసాలు తేవాలో దాన్నిబట్టి లెక్కేసుకోండి. ఇక్కడ చాలా సూపర్‌మార్కెట్లలో మందు అమ్మరు కాబట్టి చివరి నిమిషంలో పరుగెత్తడం కుదరదు. సీసా మెడకి కొలత గ్లాసు తాడుతో కట్టేయండి, ఊరికే పెడితే అది ఏ ప్లేటు కిందో పోతుంది, ఆపైన మనవాళ్ళు కంటి అంచనాతో పటియాలా పెగ్గులు పోస్తారు. వేడి డ్రింక్‌లో ఆ తేడా నోటికి తెలియదు, లేచి నిలబడ్డాక తెలుస్తుంది. కప్పులు పింగాణీ మగ్గులే పెట్టండి, స్టీలు గ్లాసు చెయ్యి కాలుస్తుంది.

మసాలా వేసిన రెడ్ వైన్ కూడా ఇందులోనే వార్మ్‌లో చేయొచ్చు, చవక వైన్ చాలు, కుండలో మందు వద్దన్న నియమం ఎలాగూ తప్పుతుంది కాబట్టి మేం పెద్దవాళ్ళమే ఉన్నప్పుడు తప్ప పెట్టం. బటర్డ్ రమ్‌కి మాత్రం కుండ వద్దే వద్దు. వెన్న, తురిమిన బెల్లం, జాజికాయ కలిపి ముద్ద చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి, ఓల్డ్ మంక్ పోసిన కప్పులో ఒక చెంచా ముద్ద వేసి కెటిల్‌లోంచి వేడినీళ్ళు పోసి గిలక్కొట్టాలి. మన బెల్లానికి ఆ రమ్ము అచ్చంగా సరిపోతుంది. నెయ్యితో చేస్తే నూనె తెట్టు కట్టి పెదాలకి అంటుకుంటుంది, వెన్నే నయం.

ఇప్పుడు కోసిన మార్కు. మూత మీది పిడి రెండో చలికాలానికే పగిలింది, బ్రాండు పేరు ఎందుకులెండి, వాళ్ళకి రాస్తే మూత విడిగా అమ్మం, కొత్తది కొనుక్కోండి అన్నారు. ఒక్క స్క్రూ పిడి హార్డ్‌వేర్ షాపులో దొరికింది కాబట్టి బతికిపోయింది. మూతకి గరిటె పట్టే గాడి లేదు, అందువల్ల ప్రతివాళ్ళూ మూత తీసి పక్కన పెట్టేస్తారు, వేడి దిగిపోతుంది, టేబుల్ మీద నీళ్ళు. రసం పావువంతుకి దిగితే అంచులమ్మట చక్కెర మాడి నల్లగా అంటుకుంటుంది, అది నానబెట్టకుండా వదలదు. కుండ బరువు కూడా తక్కువేం కాదు, సింకులో తిప్పి కడగాలంటే మణికట్టు నొప్పి. కొత్తగా కొనేవాళ్ళు గాడి ఉన్న మూత, పిడి స్క్రూతో బిగించింది చూసి తీసుకోండి. రబ్బరు సీలుతో క్లిప్పులు పెట్టే రకం వద్దు, అందులో ఒక్కసారి కూర వండారంటే ఆ రబ్బరు వాసన సైడర్‌కి ఎక్కుతుంది.

మిగిలిన రసాన్ని పారబోయకండి. మసాలాలు వడకట్టి, స్టవ్ మీద వెడల్పాటి గిన్నెలో నాలుగోవంతుకి వచ్చేదాకా మరగనిస్తే చిక్కటి పాకం అవుతుంది, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఢోకా ఉండదు. బోర్బన్ ఔన్సున్నర, ఆ పాకం ఒక చెంచా, నిమ్మరసం రెండు చెంచాలు, ఐస్, రెండు చుక్కలు ఆంగొస్టురా బిట్టర్స్ (కాక్‌టెయిల్స్‌లో చుక్కలుగా వేసే చేదు మసాలా ద్రవం). దీనికి మాత్రం మా ఆయన షేకర్ బయటికి తీస్తారు.