188 సెంటీమీటర్ల గట్టి స్కీలు: నాలుగు చలికాలాలు మంచుమీద, మిగతా కాలం శ్రీకాకుళంలో

మంచు వాలు మీద జారడానికి కాళ్ళకి తగిలించుకునే ఈ స్కీల జత పొడవు 188 సెంటీమీటర్లు. నడుము, అంటే మధ్యలో సన్నగా ఉండే చోటు, వెడల్పు 70 మిల్లీమీటర్లు, సైడ్‌కట్ (స్కీ పక్క అంచు వంపు) వ్యాసార్ధం 25 మీటర్లు. లోపల చెక్క, దానికి పైనా కిందా టైటానల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకులు. బూటుని పట్టి ఉంచే బైండింగులు, వాటి కింది ప్లేటుతో కలిపి జత బరువు ఏడు కిలోలకు కాస్త తక్కువ. నాలుగు చలికాలాల్లో కశ్మీరు గుల్‌మార్గ్‌లోనూ ఉత్తరాఖండ్ ఔలిలోనూ కలిపి యాభై రోజుల పైచిలుకు వాడాను. మిగతా కాలమంతా ఇవి శ్రీకాకుళంలో, సముద్రపు గాలి తగిలే ఇంట్లోనే ఉన్నాయి. ఆ సంగతే ఇక్కడ ఎక్కువ రాస్తాను. మంచుదేశాలవాళ్ళు రాసే సమీక్షల్లో అది కనబడదు, మనవైపు స్కీలు పాడయ్యేదేమో ఎక్కువగా ఇంట్లోనే.

దుకాణంలో వీటిని డౌన్‌హిల్ స్కీలు అనే చెప్తారు. అసలు డౌన్‌హిల్ పోటీ స్కీ వేరు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిబంధనల ప్రకారం మగవాళ్ళది కనీసం 218 సెంటీమీటర్లు, ఆడవాళ్ళది 210 ఉండాలి, వ్యాసార్ధం ఇద్దరికీ 50 మీటర్లు. దారంతా మూసేసిన పందెంలో తప్ప అవి దేనికీ పనికిరావు. నావి జెయింట్ స్లాలమ్ (జెండాల మధ్య పెద్ద మలుపులు తిరుగుతూ దిగే పందెం) తరహావి. మామూలు మనిషి వాడగలిగిన పొడుగు స్కీలంటే ఇవే.

గట్టితనం అంటే ఏమిటో మొదటి రోజే తెలుస్తుంది. నెమ్మదిగా వెళ్తే స్కీ వంగదు. వంగకపోతే ఎడ్జ్ (అడుగు అంచున ఉండే ఉక్కు బద్ద) మీద మలుపు రాదు, తోక పక్కకి జారిపోతుంది. లెక్క ఇలా ఉంటుంది: స్కీని ఎంత పక్కకి వాలిస్తే మలుపు అంత బిగుస్తుంది. 25 మీటర్ల వ్యాసార్ధమున్న స్కీని 30 డిగ్రీలు వాలిస్తే మలుపు దాదాపు 22 మీటర్లు, 60 డిగ్రీలు వాలిస్తే పన్నెండున్నర. అంత వాల్చి పడిపోకుండా నిలవాలంటే వేగం ఉండాలి, మనిషి బరువు ఉండాలి, తొడల్లో సత్తువ ఉండాలి. 65 కిలోల లోపు మనిషికి ఈ పొడవు నేను చెప్పను, 175 దగ్గర ఆగడం మంచిది. బరువు సరిపడినా సగం మలుపులు జారుతూనే తిప్పేవాళ్ళకి 15 మీటర్ల వ్యాసార్ధమున్న పొట్టి స్కీయే నయం. దానిమీద నేర్చుకున్నదే ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇవి ఎందుకు కొనాలో తెలిసేది పొద్దున్నే. రాత్రంతా గడ్డకట్టి, యంత్రం చదును చేసిన వాలు మీద పొట్టి స్కీ ముక్కు గడగడ వణుకుతుంది. ఇది వణకదు. టైటానల్ రేకు ఆ అదురుని మింగేస్తుంది. పొడవు ఎక్కువ కాబట్టి ఎడ్జ్ మంచుని పట్టుకునే మేర కూడా ఎక్కువ. ఔలిలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు మీద, ఎండ తగలకముందు, ఈ స్కీలు గీత గీసినట్టు పోతాయి. ఆ ఒక్క గంట కోసం మిగతా ఇబ్బందులన్నీ పడొచ్చని నా అభిప్రాయం.

కొత్తగా పడిన లోతు మంచులో మాత్రం ఇవి దండగ. గుల్‌మార్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వట్ కొండ మీంచి దిగేవాళ్ళకి 95 మిల్లీమీటర్లకు పైబడిన నడుము కావాలి. 70 నడుము ములిగిపోతుంది, గట్టి ముక్కు పైకి లేవదు. మధ్యాహ్నం మంచు బురదలా మెత్తబడ్డాక కూడా తోక ఇరుక్కుంటుంది, మోకాలు మెలిపడేది అప్పుడే. పదకొండు దాటితే విప్పేయండి.

బూటు సంగతి కొనేముందే చూసుకోవాలి. ఫ్లెక్స్ (బూటు గట్టితనం చెప్పే అంకె) 90 ఉన్న బూటుతో ఈ స్కీని వంచలేరు. బూటే ముందుకి మడతపడిపోతుంది, బలం స్కీ దాకా చేరదు. 120కి తగ్గకూడదు. పాత పోటీ బైండింగుల్లో గ్రిప్‌వాక్ అడుగు (నడవడానికి వీలుగా వంపు తిరిగిన రబ్బరు అడుగు) ఉన్న బూట్లు పట్టవు, వాటికి చదునైన ఆల్పైన్ అడుగే ఉండాలి. బైండింగ్ విడుదల అంకె, అంటే పడినప్పుడు ఎంత బలానికి బూటుని వదిలేయాలో చెప్పే అంకె, మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు చూసి పట్టికలోంచి తీయాలి. పక్కవాడి అంకె పెట్టుకుంటే కాలు విరగొచ్చు. పోటీ బైండింగులు కొన్ని ఆరు నుంచి మొదలవుతాయి. మీ అంకె ఐదొస్తే ఆ బైండింగ్ మీకు పనికిరాదు, అంతే.

ఇక స్క్రూలు. ప్రతి పది రోజుల వాడకానికోసారి చూడండి. బైండింగ్‌ని స్కీకి బిగించే ఈ స్క్రూల తల పోజీడ్రైవ్ (స్టార్‌లా కనిపించే వేరే రకం గాడి) మూడో నంబరు. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాడి అరిగిపోతుంది, ఆ తరవాత ఊడదు, బిగియదు. ఆ బిట్టు ఒకటి కొని సంచిలోనే పడేయండి. వదులైన స్క్రూ పక్కనుంచి నీరు దిగితే లోపలి చెక్క ఉబ్బి కుళ్ళుతుంది.

ఎడ్జ్ కోణాలు నేను వాడేవి: అడుగువైపు 0.7 డిగ్రీ, పక్కవైపు 3 డిగ్రీలు. ఆకురాయి గైడులో పెట్టి ముక్కు నుంచి తోకవైపు ఒకే దిశలో లాగాలి. తరవాత 200, 400 నంబరు డైమండ్ రాళ్ళు. గైడు లేకుండా చేత్తో రాస్తే కోణం అలలు తిరుగుతుంది, స్కీ ఒకచోట పట్టి ఒకచోట వదిలేస్తుంది. బిగించే వైస్ అక్కర్లేదు. ఇక్కడి వడ్రంగి చేత రెండు దిమ్మలు చేయించి పైన రబ్బరు అతికిస్తే సరిపోతుంది.

ఇంట్లో సమస్య తుప్పు. ఎడ్జ్ ఉక్కుది, పైన ఏ పూతా ఉండదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్ళలో కిటికీ చువ్వల గతేమిటో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వారంలో ఎర్రటి పొడి, నెలలో గుంటలు. పొడి దశలో రబ్బరు రాయితో రుద్దితే పోతుంది. గుంట పడితే దాని లోతుదాకా ఎడ్జ్ అరగదీయాల్సిందే, ఆ మేరకు స్కీ ఆయుష్షు తగ్గినట్టే.

తుప్పు మొదలయ్యేది నిజానికి తిరుగు ప్రయాణంలో. తడి స్కీలు సంచిలో పెట్టి జిప్పు మూసి, ఢిల్లీ మీదుగా విజయనగరం స్టేషన్లో దిగేసరికి రెండుమూడు రోజులు గడిచిపోతాయి. రెండు స్కీల మధ్య తువ్వాలు పెట్టేవాళ్ళున్నారు. నూలుగుడ్డ తడిని పట్టి ఉంచుతుంది, దానికంటే ఏమీ పెట్టకపోవడం మేలు. పాత సైకిల్ ట్యూబు కోసి ముక్కు దగ్గరా తోక దగ్గరా వేసి కట్టండి, నడుం దగ్గర మాత్రం బిగించొద్దు. దారిలో ఎక్కడ బస చేసినా సంచి తెరిచి తుడవండి.

ఇల్లు చేరాక అడుగంతా బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక, వ్యాక్స్ దట్టంగా కరిగించి పోసి ఇస్త్రీ చేయాలి. ఎడ్జ్ మీదికి కూడా పొర రావాలి. గీకకుండా అలాగే వదిలేయాలి. ఒక జతకి 40 గ్రాములు పడుతుంది. వ్యాక్స్ ఇస్త్రీపెట్టె 120 నుంచి 130 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్క క్షణం కూడా ఒకచోట ఆపకూడదు. బట్టల ఇస్త్రీపెట్టె వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, పొగ వచ్చిందంటే అడుగు మాడినట్టే. కత్తిపీటకి రాసినట్టు కొబ్బరినూనె రాద్దామనిపిస్తుంది, రాయకండి. అడుగుకి అంటితే తరవాత వ్యాక్స్ పట్టదు.

పెట్టే చోటు: రేకుల షెడ్డు వద్దు, స్లాబు కింది అటక కూడా వద్దు. మే నెలలో ఆ వేడికి జిగురు సడలి పొరలు తోక దగ్గరనుంచి విడతాయి. ఒకసారి విడిన తోకని ఎపాక్సీ పోసి క్లాంపులు బిగించి అతికించవచ్చు గానీ మునుపటి గట్టితనం రాదు. లోపలిగదిలో, గోడకి ఆనకుండా, నేలమీద పలక వేసి దానిపై పడుకోబెట్టడం మంచిది. సంచిలో పెడితే లోపల చెమ్మ నిలుస్తుంది, పైగా ఎలకలు సంచి కొరుకుతాయి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల తరవాత ఒకసారి తీసి చూడాలి. 2018 తిత్లీ లాంటిదొస్తే రోజుల తరబడి కరెంటుండదు, ఇల్లంతా చెమ్మ. వ్యాక్స్ పొర ఎక్కడైనా పెచ్చులూడి ఉంటే ఆ జానెడు మేర మళ్ళీ పోస్తే చాలు.

కాళ్ళకి కసరత్తు కూడా అప్పుడే మొదలుపెట్టాలి. ఈ స్కీలకి కావలసింది ఎక్కే బలం కాదు, బరువుని ఆపుకుంటూ దిగే బలం. రామతీర్థం కొండమెట్లు మెల్లగా, మోకాళ్ళు వంచి దిగడం ఇందుకు బాగా పనికొస్తుంది. ఆరు వారాలు, వారానికి మూడుసార్లు.

బయల్దేరే వారం ప్లాస్టిక్ గీకుడుబిళ్ళతో ముందు ఎడ్జ్ మీది వ్యాక్స్, తరవాత అడుగుది తీసేసి నైలాన్ బ్రష్ కొట్టాలి. ఆఖర్న వేలిగోరు ఎడ్జ్‌కి అడ్డంగా మెల్లగా లాగి చూడండి. తెల్లటి పొడి రాలితే పదును ఉంది. ఏ జానెడులోనైనా గోరు నున్నగా జారిపోతే అక్కడొక్కచోట 400 రాయి నాలుగైదుసార్లు లాగి మళ్ళీ గోరు పెట్టండి.