నాలుగొందల సినిమాలా, ఒక్క ఆంజనేయులా?

పరిషత్తు నాటకాల్లో ఇరవై ఏళ్లుగా తండ్రి వేషాలు, కరణం వేషాలు కట్టే మా మిత్రుడొకడికి మొన్న డైలీ సీరియల్లో హీరోయిన్ బాబాయి పాత్ర వచ్చింది. నెలకి పన్నెండు రోజుల పని. అదే వారం ఒక సినిమా మేనేజరు ఫోన్ చేసి, పెద్ద డైరెక్టరు, రెండు రోజుల వేషం, ఎడిటింగ్‌లో ఉంటుందో పోతుందో మాత్రం నా చేతుల్లో లేదు అన్నాడట. రెండింటికీ డేట్లు కలవవు. "ఏది పట్టుకోమంటావురా?" అని అడిగితే నేను తడుముకోకుండా హాస్యనటుడు గుండు హనుమంతరావు పేరు చెప్పి టీవీయే మేలన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే అదంత సులువైన ఉదాహరణ కాదనిపించింది.

హనుమంతరావు గారిది విజయవాడ. నాటకాల్లోంచి వచ్చిన మనిషి. జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట' (1987) రోజుల్లో సినిమాల్లోకి వచ్చి, ఆ తర్వాత ఎస్.వి. కృష్ణారెడ్డి సినిమాలతో కలిపి దాదాపు నాలుగొందల సినిమాలు చేశారు. ఇప్పుడు మీరు కళ్లు మూసుకుని ఆయన వేసిన సినిమా పాత్రల పేర్లు ఐదు చెప్పండి. సినిమా పేర్లు కాదు, పాత్రల పేర్లు. నాకైతే రెండు దాటలేదు, నేను ఆయన అభిమానిని. అదే టీవీ కామెడీ సీరియల్ 'అమృతం'లో ఆయన వేసిన ఆంజనేయులు అనండి, ముప్పై దాటిన తెలుగువాడెవడైనా ముందు నవ్వి తర్వాత మాట్లాడతాడు.

ఎందుకంటే సినిమాలో చిన్న వేషానికి లెక్క వేరు. రెండు సీన్లు, హీరో పక్కన నిలబడి ఒక మాట, ఒక చూపు, అంతే. ఆ రెండు నిమిషాల్లోనే జనం గుర్తుపట్టాలి కాబట్టి నటుడు తయారుగా ఒక మేనరిజం పట్టుకొస్తాడు, అది ఒకచోట పేలితే తర్వాతి పది మంది డైరెక్టర్లూ అదే అడుగుతారు. 'అమృతం' అలా కాదు. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, మొత్తం 313 ఎపిసోడ్లు. డబ్బు సంపాదిద్దామని అమృతరావు, ఆంజనేయులు అనే స్నేహితులిద్దరూ ఏదో మొదలెట్టడం, అది బోల్తా కొట్టడం, మళ్లీ వచ్చి వాళ్ల హోటల్ అమృత విలాస్‌లో కూలబడటం. అందులో హనుమంతరావు గారు చేసే పని చాలాసార్లు వినడమే. పక్కవాడు చెప్పే పిచ్చి ఆలోచన ఆ మొహం మీదికి మెల్లగా ఎక్కి, నమ్మకంగా మారి, తర్వాత భయంగా మారుతుంది. సినిమాలో అంతసేపు కెమెరా ఆయన మీద ఎవడుంచుతాడు?

ఇంకోటి చూడండి. అమృతరావు పాత్రకి శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్, ముగ్గురు మారారు. జనం మొదట్లో సణిగి తర్వాత అలవాటు పడ్డారు. ఆంజనేయులు మారలేదు, వాసు ఇంటూరి వేసిన సర్వం మారలేదు. హీరో మారినా బండి నడిచింది పక్క పాత్రలు కదలకుండా ఉండబట్టే అని నా గట్టి నమ్మకం. టైటిల్ పాట మొదలయ్యేదే ఆంజనేయులు పేరుతో కదా! 2020లో జీ5లో రెండో విడత వచ్చినప్పుడు ఆ పాత్ర ఎల్.బి. శ్రీరామ్ చేశారు, ఆయన ఎంత గొప్ప నటుడో చెప్పక్కర్లేదు, అయినా నా కళ్లు ఇంకొకరి కోసమే వెతికాయి.

ఇక్కడిదాకా టీవీ గెలిచినట్టే. కానీ మా వాడికి వచ్చింది 'అమృతం' కాదు, డైలీ.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే నేను చేసిన తప్పు. వారానికోసారి వచ్చేదానికి ఒక కథ, దానికో మొదలు, ముగింపు ఉంటాయి. డైలీలో కథ ఉండదు, ట్రాక్ ఉంటుంది. టీఆర్పీ, అంటే ఎంతమంది చూస్తున్నారన్న లెక్క, ఎటు లాగితే ట్రాక్ అటు పోతుంది. 'కార్తీక దీపం' 2017 నుంచి 2023 జనవరి దాకా పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది, అంత పొడవు నడవాలంటే బాబాయి హాల్లో సోఫా వెనక నిలబడి, ఎవరు ఏ మాటన్నా ఉలిక్కిపడి మూడు క్లోజప్పులు ఇవ్వాల్సిందే. ట్రాక్‌లో పని లేకపోతే బాబాయి తీర్థయాత్రలకి వెళ్లిపోతాడు, ఎప్పుడొస్తాడో రైటరుకే తెలియదు. డైలాగులు ముందు రోజు చేతికి రావడం అరుదు. పక్కన అసిస్టెంటు ప్రాంప్టింగ్ ఇస్తుంటే వెనకే అనేయడం, తర్వాత డబ్బింగ్. ఆ సీరియల్లో వంటలక్కగా ఇంటింటికీ తెలిసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ, ఆమెకి గొంతు ఇంకొకరిది, అయినా జనం గుండెల్లో పెట్టుకున్నారు. అంటే మా వాడు ఇన్నేళ్లూ సానబెట్టుకున్న గొంతు అక్కడ తప్పనిసరి సరుకేం కాదు. వింటే బాధపడతాడని ఈ మాట వాడికి చెప్పలేదు.

మరి సినిమా మేలా అంటే, నా వాదనకి అడ్డొచ్చే ముక్క ఒకటుంది, దాచడం బాగుండదు. హనుమంతరావు గారు చేసిన అదే 'అహ నా పెళ్లంట'లో అత్తిలి లెక్చరరు బ్రహ్మానందం అరగుండు వేషం వేశారు. పాత్ర నిడివి ఎంత, వచ్చిన పేరెంత! కాబట్టి సినిమాలో చిన్న వేషం నిలవదని ఒట్టేసి చెప్పలేం. కాకపోతే దాని వెనక జంధ్యాల ఉన్నాడు. చిన్న పాత్రకి కూడా మాట రాసి, దాన్ని ఎడిటింగ్‌లో కాపాడే దర్శకుడు. సుత్తి వేలు, సుత్తి వీరభద్రరావు, శ్రీలక్ష్మి అందరూ ఆ చెట్టు నీడన పెరిగినవాళ్లే. అలాంటి గూటిలో చోటు దొరికితే సీరియల్ వదిలెయ్యొచ్చు. మేనేజరు ఫోన్ గూడు కాదు.

డబ్బు సంగతి త్వరగా తేల్చేద్దాం. సినిమాలో రోజుకి ఎక్కువ రావచ్చు, రోజులే ఉండవు. సీరియల్లో రోజులుంటాయి, పేమెంటు నెలలు ఆగి వస్తుంది, చాలాచోట్ల బట్టలు మనవే. అద్దె, పిల్లల ఫీజులు ఉన్నవాడికి రెండోదే కాస్త నయం.

ముసలితనం దగ్గర మాత్రం రెండూ ఒకటే, ఇదే నన్ను ఎక్కువ కలచేది. హనుమంతరావు గారు కిడ్నీ జబ్బుతో చాన్నాళ్లు ఇబ్బంది పడి 2018 ఫిబ్రవరి 19న, 61 ఏళ్లకే పోయారు. చివర్లో చిరంజీవి, తెలంగాణ ప్రభుత్వం సాయం చేశారు. నాలుగొందల సినిమాలు, 313 ఎపిసోడ్లు చేసిన మనిషికి సాయం అవసరమైంది! 2012లో కాపీరైట్ చట్టం మార్చాక పాట రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రాయల్టీ హక్కు గట్టిపడింది. నటుడికి మన దగ్గర మామూలుగా ఆ రోజు కాల్షీట్ డబ్బులే, తర్వాత ఆ సీను ఎన్నిసార్లు వేసినా అంతే. అమెరికాలో యూనియన్ నటులకి పునఃప్రసారానికీ వాటా వస్తుంది. 'అమృతం' ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తూ భోంచేసే ఇళ్లు నాకు తెలుసు, మా ఇల్లూ అందులో ఒకటి.

కాబట్టి నా వరస ఇది: వారం వారం వచ్చే మంచి కామెడీ ఎవరైనా తీస్తే అన్నీ వదిలి అటు పరిగెత్తు, ఇప్పుడు టీవీలో అవి కరువు, ఏదైనా ఉంటే ఓటీటీలోనే. అది లేకపోతే డైలీ. దర్శకుడి నోటి నుంచి పిలుపు రాని రెండు రోజుల సినిమా వేషం ఆఖర్న. డైలీ ఒప్పుకునే ముందు నెలకి ఖాయంగా ఎన్ని రోజులిస్తారు, పేమెంటు ఎన్నాళ్లకి ఇస్తారు, నీ గొంతు నీతోనే చెప్పిస్తారా, ఈ మూడూ అడగరా అన్నాను. మొదటి రెండూ అడిగాడట, మూడోది అడగడానికి మొహమాటం అడ్డొచ్చిందట. సోమవారం నుంచి షూటింగ్, చొక్కాలు నాలుగు తెచ్చుకోమన్నారు, చారలవి వద్దన్నారు. సినిమా మేనేజరు మళ్లీ ఫోన్ చేయలేదు.