లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో బొమ్మల చిక్కులు: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

వృక్షశాస్త్ర పాఠాల కోసం కొన్నేళ్లుగా నేను లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో స్లైడ్లు తయారుచేసే ఇంప్రెస్‌నే వాడుతున్నాను. నా స్లైడ్లలో అక్షరాల కన్నా ఆకుల, పూల, మైక్రోస్కోపు కింది కణజాలాల ఫొటోలే ఎక్కువ కాబట్టి, ఈ సమీక్షను బొమ్మల వరకే పరిమితం చేస్తున్నాను.

ఇందులో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: బొమ్మ ఫైలు లోపల ఉందా, బయట ఉందా అన్నది. బొమ్మను ఎంచుకునే డైలాగ్ బాక్సులో లింక్ అనే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే బొమ్మకు బదులు దాని చిరునామా మాత్రమే ప్రెజెంటేషన్‌లో చేరుతుంది. అందువల్ల ఇంట్లో చక్కగా కనిపించిన స్లైడు, పెన్‌డ్రైవులో తరగతి గదికి చేరేసరికి ఖాళీ చట్రంగా మిగులుతుంది. ఎడిట్ మెనూలో బయటి లింకుల జాబితా తెరిచి బ్రేక్ లింక్ నొక్కితే బొమ్మ లోపలికి వస్తుంది గానీ, ఆ పని అసలు బొమ్మ ఉన్న కంప్యూటర్‌లోనే చేయాలి. ఇంత ప్రభావం ఉన్న గడిని అంత చిన్నగా ఉంచడం నాకు నచ్చలేదు.

అనుమానం వచ్చినప్పుడు నేను మొదట చేసే పరీక్ష వేరే ఉంది. ఇంప్రెస్ సొంత రూపమైన ఓడీపీ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దానికి నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, పిక్చర్స్ అనే ఫోల్డరులో బొమ్మలన్నీ కనిపిస్తాయి. పవర్‌పాయింట్ రూపమైన పీపీటీఎక్స్ అయితే పీపీటీ ఫోల్డరులోని మీడియాలో ఉంటాయి. కావలసిన బొమ్మ అక్కడ లేకపోతే ముందుగా లింకునే అనుమానించాలి. ఏ బొమ్మ వల్ల ఫైలు బరువెక్కిందో కూడా అక్కడే తేలిపోతుంది.

బరువు విషయానికి వస్తే, ఫొటోను వేరే ప్రోగ్రాములో కాపీ చేసి అతికించినప్పుడు అది తరచుగా పీఎన్‌జీగా మారి, అసలు జేపెగ్ కన్నా కొన్ని రెట్లు పెద్దదవుతుంది. కాబట్టి ఫైలు నుంచే చొప్పించడం మేలు. కత్తిరించిన అంచులు కూడా కనబడవన్న మాటే గానీ ఫైలులోనే ఉంటాయి. టూల్స్ మెనూలోని మినిమైజ్ ప్రెజెంటేషన్ వీటిని తీసేయగలదు, రిజల్యూషన్‌నూ తగ్గించగలదు. మామూలు 16:9 స్లైడు వెడల్పు 28 సెంటీమీటర్లు. దాన్ని 1920 పిక్సెళ్ల ప్రొజెక్టరుపై చూపడానికి అంగుళానికి దాదాపు 174 పిక్సెళ్లు చాలు కనుక, అక్కడ నేను 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) ఎంచుకుంటాను. 90 ఎంచుకుంటే కణాల గోడలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి, అదీ కాక ఒకసారి తగ్గించి భద్రపరచిన వివరం తిరిగి రాదు. అసలు ఫైలును విడిగా ఉంచుకోవాలి.

వెబ్‌సైట్లలో ఎక్కువగా కనిపించే వెబ్‌పీ రకం బొమ్మలు తెరుచుకోకపోతే లిబ్రేఆఫీస్ వెర్షన్ చూసుకోండి: ఆ సదుపాయం 2022లో వచ్చిన 7.4తోనే మొదలైంది. పక్క పిడిని లాగినందువల్ల సాగిపోయిన బొమ్మకు కుడి క్లిక్‌లో ఒరిజినల్ సైజ్ ఉంది.

పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు మాత్రం కాస్త ఆగి చూడాలి. ఎగుమతి డైలాగులో జేపెగ్ కుదింపు ముందే ఎంచుకొని ఉంటుంది. సన్నని గీతల రేఖాచిత్రాలున్న పాఠాలకు నేను దాన్ని మార్చి లాస్‌లెస్ (వివరం పోని కుదింపు) ఎంచుకుంటాను, ఫైలు పెద్దదైనా సరే.