సిస్టమ్ రిస్టోర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? ఓ అమలాపురం డీటీపీ షాపు అనుభవం

మాది అమలాపురంలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్లు. శుభలేఖ ఫైలు పోతే మళ్లీ టైపు చేసుకుంటాం, చాలాసార్లు పాత కాపీ పెన్ డ్రైవ్‌లో దొరుకుతుంది కూడా. షాపు మూసేసినంత పనయ్యేది సెట్టింగులు పోయినప్పుడే. తెలుగు టైపుకి వాడే అను ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, కార్డు సైజుకి కుదుర్చుకున్న ప్రింటర్ మార్జిన్లు, వేలిముద్ర మిషన్‌ని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే డ్రైవరు, ఆధార్ పనులకి ఆ మిషన్‌తో పాటు ఉండాల్సిన ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాము. విండోస్ మళ్లీ వేయడం ఓ పూట పని. ఇవన్నీ మునుపటిలా కుదరాలంటే రెండు మూడు రోజులు పడుతుంది, మాఘమాసంలో అయితే ఆ రెండు రోజులూ బేరాలు పక్క షాపుకి వెళ్లిపోతాయి.

అందుకే విండోస్‌లో ఉండే సిస్టమ్ రిస్టోర్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. 2000లో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చిన సదుపాయం ఇది. సిస్టమ్ ఫైళ్లు, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులన్నీ రాసుకునే చిట్టా), డ్రైవర్లు ఫలానా రోజున ఎలా ఉన్నాయో గుర్తు పెట్టుకుని, అడిగితే ఆ రోజుకి తీసుకెళ్తుంది. ఆ గుర్తునే రిస్టోర్ పాయింట్ అంటారు. మన డాక్యుమెంట్ల జోలికి రాదు. చిక్కేమిటంటే విండోస్ 10 నుంచి చాలా కంప్యూటర్లలో ఇది ఆఫ్‌లోనే ఉంటోంది. స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని కొట్టి, సి డ్రైవ్ ఎంచుకుని, కాన్ఫిగర్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. కింద ఎంత జాగా ఇవ్వాలో అడుగుతుంది. నేను 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో 10 శాతం ఇచ్చాను. మరీ తక్కువ ఇస్తే కొత్త పాయింట్ రాగానే పాతది ఎగిరిపోతుంది.

దీని అసలు విలువ ఓ నవంబరులో తెలిసింది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల, పొద్దున్నే బల్ల నిండా పెద్దవాళ్లు. రాత్రి ఏదో డ్రైవరు అప్‌డేట్ అయినట్టుంది, వేలిముద్ర మిషన్ లైటు వెలగడం లేదు. రిటైరైన మాస్టారొకరు వేలు పెట్టి తీసి, పెట్టి తీసి, ‘ఏంటయ్యా, నా వేలు అరిగిపోయిందా, మీ మిషన్ పోయిందా?’ అన్నారు. ‘వేలు బానే ఉంది మాస్టారూ, మిషనే మొండికేసింది. ఓ అరగంట కూర్చోండి’ అని టీ చెప్పించాను.

ముందు వారం పెట్టిన పాయింట్ ఎంచుకున్నాను. అక్కడ ‘స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్’ అని ఒకటుంటుంది, దాన్ని వదలకండి. వెనక్కి వెళ్తే ఏ ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయో, ఏవి తిరిగొస్తాయో జాబితా చూపిస్తుంది. ఆ తర్వాత తెర మీద ఫైళ్లు, రిజిస్ట్రీ అంటూ ఒక్కో మాటే మారుతూ చాలాసేపు కదలదు. ఆ సమయంలో ఆపకూడదు, కరెంటు పోకూడదు. మా కోనసీమలో గట్టిగా గాలేస్తే చాలు, కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోతుంది. అందుకని యూపీఎస్ బ్యాటరీ బాగుంటేనే రిస్టోర్ మొదలుపెడతాను. ఆ రోజు టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి మిషన్ లైటు వెలిగింది. ఫలితం నచ్చకపోతే అన్‌డూ చేసే వీలూ ఉంది, సేఫ్ మోడ్‌లోంచి (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) చేస్తే మాత్రం అది ఉండదు.

ప్రతిసారీ ఇలా అయిందని చెప్పను. యాంటీవైరస్ అడ్డుపడి, చివరిదాకా వెళ్లి ‘పూర్తి కాలేదు’ అన్న రోజులున్నాయి. దాన్ని కాసేపు ఆపి మళ్లీ చేస్తే కొన్నిసార్లు అయింది, కొన్నిసార్లు లేదు. విండోస్ పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత పాయింట్లు తుడిచిపెట్టుకుపోతాయి. విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్‌లో 2025 జూన్ అప్‌డేట్ నుంచి ఒక పాయింట్ ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. సంక్రాంతికి పెట్టిన పాయింట్ ఉగాదికి ఉంటుందని అనుకోవద్దు. అన్నిటికన్నా పెద్ద లోపం, ఆ పాయింట్లన్నీ అదే డిస్కులో ఉండటం. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు. డిస్కే పోతే ఇది దేనికీ పనికిరాదు.

పాత రిపేరువాళ్లు కొందరు ఇప్పటికీ ‘రెగ్‌బ్యాక్ ఫోల్డర్ ఉందిగా, అందులోంచి రిజిస్ట్రీ కాపీ చేసేద్దాం’ అంటారు. ఒకప్పుడు విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ కాపీని ఆ ఫోల్డర్‌లో దాచేది. విండోస్ 10 1803 వెర్షన్ నుంచి అక్కడికి బ్యాకప్ రావడం ఆపేశారు. తెరిచి చూస్తే ఫైళ్లు కనిపిస్తాయి, సైజు మాత్రం సున్నా. రిజిస్ట్రీని తెరిచి మార్చే రెజ్‌ఎడిట్‌లోంచి మొత్తం రిజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడమూ నాకు నచ్చదు. తిరిగి ఎక్కించేటప్పుడు సిస్టమ్ వాడుతున్న కీలు (రిజిస్ట్రీలో సెట్టింగులు ఉండే అరలు) మారవు. ఒక్క ప్రోగ్రాముకి సంబంధించిన కొమ్మని మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే బాగా పనికొస్తుంది.

నాకు ఎక్కువ మనశ్శాంతినిచ్చింది డ్రైవర్ల కాపీ. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే, మనం విడిగా వేసుకున్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. దాన్ని బయటి హార్డ్ డిస్కులో పెట్టాను. కంపెనీ సైటులో పాత వెర్షన్ తీసేసినా టెన్షన్ లేదు. ఆర్‌డీ సర్వీసు లాంటివాటికి ఇన్‌స్టాలర్ ఫైలు కూడా పక్కనే ఉంచాలి, డ్రైవరు ఒక్కటీ చాలదు. ప్రింటర్ మార్జిన్లు, పేపర్ సైజులైతే ఫోనుతో తెర ఫొటో తీసి పెట్టుకుంటాను. నాటు పద్ధతే, కానీ అప్‌డేట్లకి భయపడక్కర్లేదు.

కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే సిస్టమ్ ఇమేజ్ కూడా వాడాను. మొత్తం డిస్కుని ఉన్నదున్నట్టు దాస్తుంది. మైక్రోసాఫ్ట్ 2017లోనే దీన్ని వదిలించుకునే జాబితాలో పెట్టింది, అయినా ఇంకా పనిచేస్తోంది. పాత 500 జీబీ హార్డ్ డిస్క్ ఇమేజ్‌ని చిన్న ఎస్‌ఎస్‌డీలోకి దించబోతే కుదరదంది, లోపల సరుకు తక్కువే ఉన్నా సరే. ఎస్‌ఎస్‌డీకి మారాక కొత్త ఇమేజ్ తీసుకున్నాను. అది షాపులో ఉండదు, ఇంట్లో ఉంటుంది.

విండోస్ 11తో వచ్చే బ్యాకప్ యాప్ వాల్‌పేపరు, వైఫై పాస్‌వర్డులు లాంటివి మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచిపెడుతుంది. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కి బాగానే ఉంటుంది. వేలిముద్ర మిషన్ డ్రైవరు అందులో ఉండదు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ అనే విండోస్ సదుపాయం ఆన్‌లో ఉంటే, బూట్ కాని రోజున రికవరీ తెర 48 అంకెల కీ అడగొచ్చు. నేనైతే దాన్ని కాగితం మీద ప్రింటు తీసి, షాపు లైసెన్సు కాగితాలున్న ఫైల్లో పెట్టాను.