పేరుకు తగిన నేల: సివిలైజేషన్ 6లో అద్భుత కట్టడాలు

ఒక నాగరికతను ఆది నుంచి పెంచుకుంటూ పోయే కంప్యూటర్ వ్యూహ ఆట సివిలైజేషన్ 6ను, అది విడుదలైన 2016 నుంచీ ఆడుతున్నాను. ఇప్పటికీ కొత్త ఆట మొదలవగానే నేను ముందుగా వెతికేది అద్భుతం, అంటే ప్రపంచ ప్రసిద్ధ కట్టడం, కట్టడానికి పనికొచ్చే గడినే (పటాన్ని విభజించిన చిన్న భాగం). నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది యుద్ధాల కన్నా ఈ కట్టడాలే.

ఇదే వరుసలో ముందొచ్చిన సివిలైజేషన్ 5లో అద్భుతాలు నగరంలోనే ఒదిగిపోయేవి. ఇందులో ప్రతిదానికీ పటం మీద సొంత గడి కావాలి. ఆ గడిలో ఇక పంట పండించలేం, గని తవ్వలేం. కట్టాక మనసు మార్చుకున్నా తీసేయలేం. పైగా ఎక్కడ పడితే అక్కడ కట్టనివ్వదు. మచు పిచ్చుకు పర్వతం కావాలి, గోల్డెన్ గేట్ వంతెనకు రెండు వైపులా నేల ఉన్న ఇరుకైన నీటి గడి కావాలి. ఒక్కో అద్భుతం ఒక్కరికే దక్కుతుంది కాబట్టి, సరైన చోటు దొరికాక కూడా పోటీ తప్పదు.

రూపకల్పనలో నా మొదటి ఓటు ఆఫ్రికాలోని పాతకాలపు రాతి నగరం గ్రేట్ జింబాబ్వేకే. దాని పక్క గడిలో పశువులు ఉండాలి, మార్కెట్ కట్టిన వాణిజ్య కేంద్రమూ ఆనుకుని ఉండాలి. పూర్తయితే ఒక వర్తక మార్గం అదనంగా వస్తుంది. దాన్ని కట్టిన నగరం నుంచి బయలుదేరే వర్తకులకు, నగర పరిధిలోని ఒక్కో బోనస్ వనరుకు (పశువులు, వరి లాంటివి) 2 బంగారం చొప్పున రాబడి పెరుగుతుంది. సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టుకున్న ఆ నగరానికి, చరిత్రలో కూడా పశుసంపదే బలం. హిందూ మహాసముద్ర తీరంతో సాగిన బంగారం, దంతాల వ్యాపారం మరో బలం. చరిత్రను పాఠంలా అప్పజెప్పకుండా నియమాల్లోనే ఇమిడ్చిన తీరు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

పెట్రా సంగతి వేరు. ఆటపరంగా దానికి సాటి లేదు: నగరంలోని ఎడారి గడులకు 2 ఆహారం, 2 బంగారం, 1 ఉత్పత్తి కలుపుతుంది. ఎవరూ కన్నెత్తి చూడని ఇసుక నేల రాజధానిని మించిపోతుంది. కానీ నేటి జోర్డాన్ ప్రాంతపు పురాతన ప్రజలైన నబాటియన్లు కొండరాతిని తొలిచి మలచిన నగరాన్ని ఇక్కడ గుట్టలు లేని చదును నేల మీదే కట్టాలి! పర్వతం పక్కనే ఉండాలన్న షరతు పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

పేర్ల విషయానికొస్తే, గ్రేట్ లైట్‌హౌస్ లాంటివి ఏ నాగరికత చేతిలోనైనా సహజంగా అమరుతాయి. అసలు దీపస్తంభం ఉన్న ఈజిప్టు నగరం అలెగ్జాండ్రియా ప్రస్తావన పేరులో లేకపోవడం వల్ల ఏ తీరానికైనా అది సొంతమవుతుంది. లండన్ గడియారపు గోపురానికి వాడే బిగ్ బెన్ నిజానికి లోపలి గంట పేరు, గోపురాన్ని 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అంటున్నారు. అయినా జనం నోట నలిగిన పేరునే ఉంచడం సబబు. దాని ఫలితమే నాకు మింగుడుపడదు. గడియారపు గోపురం పూర్తికాగానే ఖజానా ఒక్కసారిగా పెరగడం ఏమిటి?

నిర్మాణ దృశ్యాలను మాత్రం నేనెప్పుడూ దాటవేయను. వెలుగు నీడలు మారుతుండగా కట్టడం అంచెలంచెలుగా పైకి లేస్తుంది.

కొత్తగా ఆడేవారికి ఒక్క మాట. రెండో నగరం స్థాపించకముందే పటం మీద పిన్నులు గుచ్చి గడులు కేటాయించుకోండి. ముఖ్యంగా నదీ తీరాలను. చాలా అద్భుతాలు, పొలాలు, వాణిజ్య కేంద్రాలు అన్నీ ఆ నాలుగు గడుల కోసమే కొట్టుకుంటాయి.