మొక్కజొన్న టోర్టియా కోసం వెళ్లండి, అన్నం జోలికి పోకండి

చిప్స్, సాల్సా, చుయ్యిమంటూ వచ్చే ఫహీటా పళ్లెం డాలస్ చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతాయి. ఇర్వింగ్‌లో ఒక కుటుంబం నడిపే ఈ చిన్న మెక్సికన్ హోటల్‌కి ఇన్నాళ్లుగా వెళ్తున్నది మాత్రం మొక్కజొన్న టోర్టియా అనే పల్చటి రొట్టె కోసమే. పిండి అక్కడే రుబ్బుతారు. ఆ పని పెట్టుకునే హోటళ్లు తక్కువ. ఎక్కువమంది పొడిపిండి బస్తా విప్పి నీళ్లు కలుపుతారు, లేదా ఫ్యాక్టరీ టోర్టియా ప్యాకెట్లు తెప్పించుకుంటారు.

రాత్రి ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. తాంబూలంలో రాసుకునే సున్నమే అది, కిలో గింజలకి దాదాపు 10 గ్రాములు. గింజ పూర్తిగా ఉడకనక్కర్లేదు, వేళ్ల మధ్య రుద్దితే పైపొట్టు జారితే చాలు. పొయ్యి ఆపేసి 8 నుంచి 12 గంటలు నాననిచ్చి, పొద్దున కడిగి రాతి మిల్లులో రుబ్బుతారు. సున్నం తక్కువైతే పొట్టు ఊడదు, పిండికి జిగురు రాదు. ఎక్కువైతే టోర్టియా పసుపుపచ్చగా మారి సబ్బు రుచి తగులుతుంది. జొన్నరొట్టెకి మనం మరిగే నీళ్లు పోసి జిగురు తెప్పించుకున్నట్టే, ఇక్కడ ఆ పని సున్నం చేస్తుంది. పెనం మీద ఒకవైపు అర నిమిషం, రెండోవైపు ఒక నిమిషం కాలాక, రెండోసారి తిప్పగానే పొంగాలి. పొంగిన టోర్టియా లోపల మెత్తగా ఉంటుంది, మడిచినా చీలదు.

మధ్యలో కొన్ని నెలలు అది పొంగడం మానేసింది. ముందు అంచులు పగిలాయి, తర్వాత టాకో (కూర పెట్టి మడిచిన టోర్టియా) సగం తినేసరికి అడుగు విడిపోయి కూరంతా పళ్లెంలో పడేది. కౌంటర్‌లో అడిగితే దాచకుండా చెప్పారు: మిల్లు రాళ్ల మీద చెక్కిన గాళ్లు అరిగిపోయాయట. గాళ్లు అరిగితే గింజ తెగదు, నలుగుతుంది. ముద్ద బరకగా వస్తుంది, రాపిడికి వేడెక్కి తడి ఆరుతుంది. తడి కోసం నీళ్లు పోస్తే చేతికి అంటుకుంటుంది, పోయకపోతే అంచులు చీలుతాయి. మన తిరగలికి గంట్లు కొట్టించినట్టు ఆ రాళ్లకీ మళ్లీ గాళ్లు కొట్టించాలి, ఆ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టం. అంతవరకు పొడిపిండితో నెట్టుకొచ్చారు, ధర మాత్రం తగ్గించలేదు. నా కోపమంతా అక్కడే. మెనూలో "రోజూ ఇక్కడే రుబ్బిన పిండి" అన్న మాట కూడా అలాగే ఉంచేశారు.

మీరే తేల్చుకోవాలంటే ఉత్త టోర్టియా ఒకటి అడిగి రెండు నిమిషాలు చల్లారనివ్వండి. తర్వాత మడిస్తే రుబ్బిన పిండిది వంగుతుంది, పొడిపిండిది చాలాసార్లు మడత దగ్గర చీలుతుంది. వాసనలో తేడా ఇంకా స్పష్టం: మొదటిదానికి తడి గింజ వాసన, రెండోదానికి దాదాపు ఏ వాసనా ఉండదు.

రాళ్లు బాగయ్యాక పాత రుచి వచ్చింది, కానీ రోజూ కాదు. ఇప్పుడు రుబ్బేది శుక్రవారం నుంచి ఆదివారం వరకే, అదీ మధ్యాహ్నం రెండు దాటితే అయిపోతుంది. మంగళవారం సాయంత్రం వెళ్లి ఈ సమీక్షని తిట్టుకోకండి. పార్సెల్ కూడా వద్దు. అల్యూమినియం కాగితంలో చుడితే ఆవిరికి చెమ్మగిల్లి ముద్దవుతుంది. తప్పదంటే టోర్టియాలు గుడ్డలోనో కాగితంలోనో విడిగా కట్టమనండి, కూర వేరే డబ్బాలో.

శాకాహారులు జాగ్రత్త. ఎర్ర అన్నం కోడి ఉడికించిన నీళ్లతో వండుతారు, పైకి ఏమీ తెలియదు. మెత్తగా మెదిపిన బీన్స్‌లో మాంతేకా, అంటే పంది కొవ్వు వేస్తారు. "మాంతేకా ఉందా" అని అడిగితే నిజమే చెప్తారు. మెదపని నల్ల బీన్స్‌లో అది ఉండదు. మోలే అనే చిక్కటి మసాలా గ్రేవీలో వేరుశెనగ, నువ్వులు ఉన్నా పల్చన చేసేది కోడి నీళ్లతోనే. మిగిలేవి పొబ్లానో మిరప చీలికలు మీగడలో వేసింది, నోపాలెస్ అనే నాగజెముడు ముక్కలు, చీజ్ కేసడియా (టోర్టియాలో చీజ్ పెట్టి మడిచి కాల్చింది). మాంసం కాల్చే పెనమే వీటికీ వాడతారు కాబట్టి ఆ పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లకి ఈ చోటు పనికిరాదు. బీఫ్ తిననివాళ్లు బార్బకోవా (నెమ్మదిగా ఉడికించిన బీఫ్), కార్నే అసాదా (కాల్చిన బీఫ్), వారాంతపు మెనూదో అనే పులుసు వదిలేయాలి. మెనూదో చూడ్డానికి మన బోటి పులుసులా ఊరిస్తుంది, కానీ అది ఆవు పొట్ట. కోడి తింగా (టొమాటో, మిరపతో వండిన చీల్చిన కోడి మాంసం) నిశ్చింతగా తినొచ్చు.

కారం గురించి ఒక్క మాట: బల్లమీద పెట్టే ఎర్ర సాల్సా మన నాలుకకి చప్పగానే ఉంటుంది. చిలే దె ఆర్బోల్ అనే కారపు మిరపతో చేసింది విడిగా అడగండి, ఇస్తారు.

దగ్గర్లో ఉండి, కోడి తినేవాళ్లయి, శనివారం పదకొండు గంటలకి వెళ్లగలిగితే వెళ్లండి. పిల్లలతో సాయంత్రం వెళ్లేవాళ్లకీ, నలభై మైళ్ల అవతల ఉన్నవాళ్లకీ మాత్రం నేను చెప్పను.